రాసింది 2,400, అందింది 1,350: తీవ్రంగా కాలిన ఒక రోగి పోషణ కేసు

నేను బర్న్స్ యూనిట్‌లో పనిచేసే క్లినికల్ డైటీషియన్‌ని. కాలిన రోగుల్లో ఇన్‌ఫ్లమేషన్ (గాయానికి శరీరం చూపే వాపు, జ్వరం లాంటి ప్రతిచర్య) తగ్గించడానికి ఏ సప్లిమెంట్ ఇస్తే మంచిదని జూనియర్ డాక్టర్లూ, రోగుల బంధువులూ నన్ను తరచూ అడుగుతుంటారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఈ కేసే గుర్తొస్తుంది. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యపరంగా ముఖ్యమైనవి మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

రోగి ముప్పైల్లో ఉన్న పురుషుడు. అంతకుముందు ఏ జబ్బూ లేదు. బరువు 62 కిలోలు. మంటల్లో చిక్కుకుని ఒంటి మీద 40 శాతం చర్మం కాలింది. ఛాతీ, వీపు, రెండు చేతులు. అందులో సగానికి పైగా లోతైన గాయాలే. పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్లలేదు కాబట్టి వెంటిలేటర్ అవసరం రాలేదు. ప్రథమ చికిత్స మరోచోట జరిగింది, మా దగ్గరికి వచ్చేసరికి 30 గంటలు దాటింది. వచ్చిన రోజే ముక్కు గొట్టం వేసి ఫీడ్ మొదలుపెట్టాం. ఇంకా ముందే, మొదటి 12 గంటల్లోనే మొదలైతే బాగుండేది.

ఒంటి మీద 20 శాతానికి మించి కాలినప్పుడు శరీరం మొత్తం అత్యవసర స్థితిలోకి వెళ్లిపోతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు రోజుల తరబడి ఎక్కువగానే ఉంటాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు వేడిగా ఉంటుంది, కండ కరిగి రక్తంలోకి అమైనో ఆమ్లాలుగా, చక్కెరగా వచ్చేస్తుంది. ఈ స్థితి గాయాలు మానాక కూడా నెలల తరబడి, కొందరిలో రెండేళ్ల దాకా కొనసాగుతుంది. అందుకే ఈ రోగుల్లో తిండి కూడా మందు లాంటిదే.

ఎన్ని క్యాలరీలు ఇవ్వాలన్నది మొదటి నిర్ణయం. శ్వాసలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచి శరీరం ఖర్చు లెక్కగట్టే యంత్రం మా దగ్గర లేదు. పాత కరేరి సూత్రం ప్రకారం కిలోకి 25, కాలిన ప్రతి శాతానికి 40 చొప్పున లెక్కేస్తే 3,150 క్యాలరీలు వస్తాయి. అంత ఇస్తే చక్కెర పెరుగుతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. జ్వరాన్ని, కాలి ఎన్ని రోజులైందన్నదాన్ని, ముందురోజు అందిన క్యాలరీలను కూడా లెక్కలోకి తీసుకునే టొరంటో సూత్రం ప్రకారం దాదాపు 2,100 వచ్చింది. డ్రెస్సింగ్‌లు, ఫిజియోథెరపీ ఖర్చు కలుపుకుని 2,400 అని రాశాను. ప్రొటీన్ కిలోకి 2 గ్రాముల చొప్పున రోజుకు సుమారు 125 గ్రాములు. ఈ లెక్కల మీద నాకు ఇప్పటికీ పెద్ద అభ్యంతరం లేదు. తప్పు జరిగింది వీటి తర్వాత.

తొమ్మిదో రోజు

ఐదో రోజున రెండు చేతుల మీది చచ్చిన చర్మం తీసేసి గ్రాఫ్ట్ (ఆరోగ్యమైన చర్మపు అతుకు) వేశారు. వీపు తర్వాతి విడతకు ఉంచారు. తొమ్మిదో రోజుకు పరిస్థితి ఇది: జ్వరం 38.5 డిగ్రీల కన్నా దిగడం లేదు, పల్స్ 125, సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే ప్రొటీన్) 210, ఇన్సులిన్ డ్రిప్ పెట్టినా చక్కెర 200కి పైనే. ఎడమ చేతి గ్రాఫ్ట్ కొంత పట్టలేదు. ఒంట్లో నీరు దిగాక బరువు 57 కిలోలకు వచ్చింది, భుజాల దగ్గర కండ తగ్గడం కంటికే కనిపిస్తోంది.

నాకు వచ్చిన నోట్‌లో ఒకే వాక్యం ఉంది: ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉంది, సప్లిమెంట్లు పెంచండి.

అప్పటికే అతనికి అందుతున్నవి తక్కువేం కావు. కిలోకి అర గ్రాము లెక్కన రోజుకు 31 గ్రాముల గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పొడి, రోజుకు రెండుసార్లు జింక్ సల్ఫేట్, మల్టీవిటమిన్ సిరప్. ఇవి కాక అతని తమ్ముడు తెచ్చిన చేపనూనె క్యాప్సూల్స్ రోజుకు ఆరు, వాటిని పొడిచి నూనెను గొట్టంలోకి పిండేవారు. ఆ అబ్బాయి రోజూ నన్ను వరండాలో ఆపి అడిగేవాడు. "మేడం, ఇంకేదైనా ఉంటే రాయండి, ఎక్కడున్నా తెస్తాను." అన్న కోసం తను చేయగలిగింది అదొక్కటే అనుకున్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు, చేపనూనె ఆర్డర్ మీద సంతకం పెట్టింది నేనే.

మొదటి ప్రయత్నం: పెంచడం

తొమ్మిదో రోజు సాయంత్రం వైద్య బృందం విటమిన్ సి పెద్ద మోతాదులో సిర ద్వారా మొదలుపెట్టింది. దీని వెనక ఒక ఆలోచన ఉంది. 2000లో జపాన్‌లో తనకా బృందం 37 మంది కాలిన రోగులపై చేసిన అధ్యయనంలో, మొదటి 24 గంటలు గంటకు కిలోకి 66 మిల్లీగ్రాముల చొప్పున విటమిన్ సి ఇస్తే ఎక్కించాల్సిన ద్రవం తగ్గింది. కానీ అది మొదటి రోజు సంగతి, రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయే దశలో. తొమ్మిదో రోజున, సీఆర్‌పీ దించడానికి ఇచ్చే చికిత్సకు దాన్ని ఆధారంగా తీసుకోలేం. పైగా సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా విషమించిన స్థితి) రోగులపై 2022లో వచ్చిన లోవిట్ ట్రయల్‌లో విటమిన్ సి ఇచ్చినవారికే ఫలితం చెడ్డగా వచ్చింది. ఈ మాట నేను రౌండ్స్‌లో అన్నాను గానీ గట్టిగా అనలేదు. విటమిన్ సి కదా, దాని వల్ల ఏమవుతుందిలే అన్న ధోరణి అందరిలో ఉంది, నాలోనూ కొంత ఉంది.

పదో రోజు రాత్రి ఏమైందో నైట్ డ్యూటీ సిస్టర్ వల్లే మాకు తెలిసింది. గ్లూకోమీటర్ 214 చూపించింది. చార్ట్ ప్రకారం ఇన్సులిన్ పెంచాలి, అంతకు రెండు గంటల ముందు ఒకసారి పెంచారు కూడా. కానీ ఆమెకు అనుమానం వచ్చింది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి, "సర్, మెషిన్ 214 అంటోంది, మనిషి మాత్రం చల్లటి చెమటలు పట్టి వణుకుతున్నాడు. పిలిస్తే సరిగ్గా పలకట్లేదు" అంది. సిర నుంచి రక్తం తీసి ల్యాబ్‌కి పంపుతూనే డెక్స్‌ట్రోజ్ ఇచ్చారు. ల్యాబ్ విలువ 58 వచ్చింది.

కొన్ని రకాల గ్లూకోమీటర్లలో, రక్తంలో విటమిన్ సి ఎక్కువగా ఉంటే స్ట్రిప్ దాన్నీ చక్కెరగానే లెక్కేస్తుంది. పెద్ద ల్యాబ్‌లో వాడే పద్ధతికి ఈ ఇబ్బంది లేదు. అంటే మేము లేని చక్కెర కోసం ఇన్సులిన్ ఇస్తూ పోయాం. దీనికి తోడు ఆ రాత్రి మరొకటి జరిగింది. గొట్టం మూసుకుపోవడంతో మూడు గంటలుగా ఫీడ్ ఆగిపోయి ఉంది. ఇన్సులిన్ మాత్రం నడుస్తూనే ఉంది.

అదృష్టం కొద్దీ గంటలోపే తేరుకున్నాడు. విటమిన్ సి పెద్ద మోతాదు ఆపేశాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా 1.5కి పెరిగింది. ఎక్కువైన విటమిన్ సి ఆక్సలేట్‌గా మారి కిడ్నీల్లో పేరుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఆపడానికి అది రెండో కారణం. ఇక్కడ పెరుగుదల దానివల్లే అని నేను చెప్పలేను. ఆపాక నాలుగు రోజుల్లో దిగింది.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ మూడు గంటలు. గొట్టం ఎందుకు మూసుకుపోయింది? ఇలా ఎన్నిసార్లు జరిగింది?

పంపు చెప్పిన లెక్క

పదకొండో రోజు ఉదయం ఆర్డర్ షీట్ పక్కన పెట్టి, ఫీడ్ పంపు రికార్డు, నర్సుల చార్ట్ ముందు వేసుకుని కూర్చున్నాను. మూడో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా, ఏడు రోజులు, గంట గంటకీ ఒంట్లోకి నిజంగా వెళ్లిందెంతో రాసుకున్నాను. మిల్లీలీటరుకు ఒక క్యాలరీ ఉన్న ఫీడ్, రోజుకు 2,400 మిల్లీలీటర్లు వెళ్లాల్సింది, సగటున 1,350 వెళ్లింది.

డ్రెస్సింగ్ మత్తులో చేస్తారు, రోజు మార్చి రోజు. అందుకోసం రాత్రి 12 నుంచి ఎన్‌పీఓ, అంటే కడుపులోకి ఏమీ ఇవ్వకూడదు. డ్రెస్సింగ్ మధ్యాహ్నానికి జరిగితే మళ్లీ ఫీడ్ మొదలయ్యేసరికి మూడు దాటేది. కడుపులో ఫీడ్ మిగిలిందని కొన్ని గంటలు ఆపేవారు. ఇవి నేను ఊహించినవే. ఊహించనిది సప్లిమెంట్ల సంగతి. రోజుకు ఐదారుసార్లు ఒక్కో పొడికి, ఒక్కో నూనెకు ఫీడ్ ఆపాలి, కలపాలి, గొట్టంలో నీళ్లు కొట్టాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ప్రతిసారీ ఇరవై నిమిషాలు, అరగంట. నూనె గొట్టం గోడలకు అంటుకుని, దాని మీద పొడి చేరి, ఏడు రోజుల్లో నాలుగుసార్లు గొట్టం మూసుకుపోయింది. సిరప్‌లో ఉండే సార్బిటాల్ వల్ల విరేచనాలు పట్టుకుంటే, ఫీడ్ పడటం లేదని దాన్నే తగ్గించారు. తిండికి సాయంగా రాసినవే తిండికి అడ్డం పడ్డాయి.

ప్రొటీన్ లెక్క చూశాక నిజంగా భయమేసింది. ఫీడ్‌లో లీటరుకు 40 గ్రాములు. 2,400 మిల్లీలీటర్లకు 96 గ్రాములు, గ్లుటమిన్ 31 కలిపితే 127. కాగితం మీద లక్ష్యం దాటేశాం. కానీ గ్లుటమిన్ ఒకే ఒక్క అమైనో ఆమ్లం. కండ కట్టడానికి, చర్మం అల్లడానికి ఇరవై రకాలు కావాలి. దాన్ని ప్రొటీన్ ఖాతాలో వేయడం నా పొరపాటు. దాన్ని పక్కన పెడితే, అందిన 1,350 మిల్లీలీటర్లలో ప్రొటీన్ 54 గ్రాములు. కిలోకి ఒక గ్రాము కూడా లేదు. 40 శాతం కాలిన మనిషికి.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

గ్లుటమిన్ గురించి మా యూనిట్‌లో వాదన జరిగింది. యూరప్ పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ 2013 నాటి మార్గదర్శకాలు కాలిన రోగులకు దాన్ని సూచించాయి, మా ప్రోటోకాల్ అక్కడి నుంచే వచ్చింది. అదే 2013లో, పలు అవయవాలు దెబ్బతిన్న ఐసీయూ రోగులపై జరిగిన రెడాక్స్ ట్రయల్‌లో గ్లుటమిన్ ఇచ్చినవారిలో మరణాలు పెరిగాయి. వాళ్లు కాలిన రోగులు కాదు కదా అని అప్పట్లో మాలాంటివాళ్లం సర్దిచెప్పుకున్నాం. తర్వాత 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రీ-ఎనర్జైజ్ ట్రయల్ వచ్చింది. 14 దేశాల్లో, 54 బర్న్స్ సెంటర్లలో, తీవ్రంగా కాలిన సుమారు 1,200 మంది. మోతాదు మేమిచ్చిందే, కిలోకి అర గ్రాము. ప్రాణాలతో డిశ్చార్జ్ కావడానికి పట్టిన మధ్యస్థ కాలం గ్లుటమిన్ వారికి 40 రోజులు, ఉత్త పొడి ఇచ్చినవారికి 38. తేడా లేదనే అర్థం. హాని పెద్దగా కనిపించలేదు కదా, ఉంచితే ఏం అని ఒక సీనియర్ అన్నారు. మన రోగికి హాని ఉంది సర్, అది ఫీడ్ సమయాన్ని తినేస్తోంది అని పంపు లెక్క చూపించాను. ఆపేశాం.

చేపనూనెలోని ఒమేగా-3ల మీద చిన్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి, ఆలోచన కొట్టిపారేయదగింది కాదు. కాలిన రోగుల్లో మొత్తం కొవ్వు తక్కువగా ఉంచడం ముఖ్యం. ఒమేగా-3 కావాలనుకుంటే అది కలిసే ఉన్న ఫీడ్ ఎంచుకోవాలి, క్యాప్సూల్ పొడిచి గొట్టంలో పిండకూడదు. తీసేశాను.

పెంచింది ఒక్కటే: సూక్ష్మ ఖనిజాలు. ఇక్కడ కారణం ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడం కన్నా సూటిగా ఉంది. కాలిన గాయం నుంచి కారే ద్రవంలో రాగి, జింక్, సెలీనియం పెద్ద మొత్తంలో పోతాయి. పోయినవాటిని తిరిగి ఇవ్వాలి. స్విట్జర్లండ్‌లోని లోజాన్‌లో మెట్టె బెర్గర్ బృందం చేసిన రెండు చిన్న ట్రయల్స్‌లో, మొత్తం 41 మందిలో, వీటిని సిర ద్వారా ఇస్తే న్యుమోనియా తగ్గింది. చిన్న అధ్యయనాలే, కానీ వెనక ఉన్న తర్కం గట్టిది. ఆ అధ్యయనాల్లోని మోతాదుల్లోనే, రోజుకు రాగి సుమారు 3 మిల్లీగ్రాములు, జింక్ 30 మిల్లీగ్రాములు, సెలీనియం 350 మైక్రోగ్రాముల చొప్పున రెండు వారాలకు రాశాం. పదకొండో రోజున మొదలుపెట్టడం ఆలస్యమే.

నోటి జింక్ మాత్రం ఆపేశాను. జింక్ ఒక్కదాన్నే ఎక్కువ మోతాదులో పేగుల్లోకి పంపితే, పేగు కణాల్లో మెటల్లోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది రాగిని పట్టుకుని కూర్చుంటుంది, ఆ కణాలు రాలినప్పుడు రాగి కూడా పోతుంది. గాయం నుంచి ఇప్పటికే రాగి కోల్పోతున్న మనిషికి మేము మరో దారి తెరిచామన్నమాట. రక్తంలో జింక్ తక్కువగా ఉందని రిపోర్ట్ రావడంతో మొదలుపెట్టిన మందు అది. సీఆర్‌పీ అంత ఎక్కువగా ఉన్నప్పుడు రక్తంలో జింక్, సెలీనియం ఎలాగూ పడిపోతాయి. ఆ రిపోర్ట్‌ని ఒంటరిగా చదవకూడదు. 2.1 ఉన్న ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్య ప్రొటీన్) కూడా అంతే. అది నాళాల నుంచి కారిపోయి, కాలేయం వేరే ప్రొటీన్ల తయారీలో పడటం వల్ల తగ్గింది, తిండి తక్కువైందనడానికి అది కొలబద్ద కాదు.

పనిచేసినవి

రౌండ్స్‌లో నేను పెట్టిన ప్రశ్న: సీఆర్‌పీ దేని నుంచి వస్తోంది? సీఆర్‌పీ అర్ధజీవితం సుమారు 19 గంటలే. తయారీ ఆగితే రెండు మూడు రోజుల్లోనే బాగా దిగాలి. దిగడం లేదంటే దాన్ని పుట్టించేది ఇంకా ఒంట్లోనే ఉంది. వీపు మీద చచ్చిన చర్మం అలాగే ఉంది. పదిహేనో రోజున అనుకున్న సర్జరీని సర్జన్ ముందుకు, పన్నెండో రోజుకు జరిపారు. కణజాలం కల్చర్‌లో సూక్ష్మజీవులు కూడా పెరిగాయి, యాంటీబయాటిక్ మార్చారు. సర్జరీ వల్లే సీఆర్‌పీ రెండు మూడు రోజులు పెరుగుతుంది కాబట్టి వెంటనే చూసి కంగారు పడొద్దని ముందే అనుకున్నాం.

అదే సర్జరీలో గొట్టం మార్చాం. కొస కడుపు దాటి చిన్నపేగులోని జెజునమ్ భాగంలో ఉండేలా వేసి, ఎక్స్‌రేతో నిర్ధారించుకున్నాం. మత్తు డాక్టర్‌తో మాట్లాడటానికే ఎక్కువ సమయం పట్టింది. ఆమె భయం న్యాయమైనదే, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. చివరికి కుదిరిన ఒప్పందం: వార్డులో తేలికపాటి మత్తుతో డ్రెస్సింగ్ అయితే గంట ముందే ఆపాలి. ఓటీ రోజున ఎంత ముందు ఆపాలో ఆమే చెబుతారు, అతని కేసు ఆ రోజు జాబితాలో మొదటిది. రాత్రి 12 నుంచి ఎన్‌పీఓ అన్న మాట అతని షీట్ మీద ఇక కనిపించలేదు.

ఆర్డర్ రాసే తీరు కూడా మార్చాను. గంటకు 100 అని కాకుండా రోజుకు 2,400 అని రాశాం. మధ్యలో ఆగితే మిగిలిన గంటల్లో ఎంత వేగంతో ఇస్తే పూర్తవుతుందో సిస్టర్ లెక్క వేస్తారు, గంటకు 140 దాటకుండా. ఫీడ్‌ని లీటరుకు 50 గ్రాముల ప్రొటీన్ ఉన్నదానికి మార్చాం. దాంతో విడిగా ఏ పొడీ కలపకుండానే 120 గ్రాములు వస్తాయి. సిరప్‌లు తగ్గించాం. గది వేడిని 28 డిగ్రీలకు పైన ఉంచమన్నాను, చలికి వణికితే అక్కడా క్యాలరీలే ఖర్చవుతాయి. పల్స్ తగ్గించడానికి డాక్టర్లు ప్రొప్రానొలాల్ అనే మందు మొదలుపెట్టారు. విటమిన్ సి పూర్తిగా బయటికి పోయేదాకా చక్కెర ల్యాబ్‌లోనే చూశాం.

పద్నాలుగో రోజు అందినది 2,180. ఆ వారం సగటు లక్ష్యంలో 88 శాతం. విరేచనాలు తగ్గాయి, గొట్టం ఒక్కసారి కూడా మూసుకుపోలేదు. ఇరవై రెండో రోజుకు సీఆర్‌పీ 64, పల్స్ 100 దగ్గర. వీపు గ్రాఫ్ట్ చాలావరకు పట్టింది.

ఇందులో దేని వాటా ఎంత

సీఆర్‌పీ దిగడంలో పెద్ద వాటా సర్జరీదే అని నా నమ్మకం. కాలిన రోగిలో ఇన్‌ఫ్లమేషన్‌కి మూలం చచ్చిన చర్మం, ఇన్‌ఫెక్షన్. దాన్ని తొలగించకుండా ఏ పొడి పోసినా, పొయ్యి మండుతుండగా పొగను విసనకర్రతో విసిరినట్టే. పోషణ చేసేది వేరే పని: ఆ మంట తింటున్న కండను వీలైనంత కాపాడటం, గ్రాఫ్ట్ పట్టడానికి సరుకు అందించడం. సూక్ష్మ ఖనిజాలు ఎంత సాయపడ్డాయో ఒక్క రోగిలో తేల్చలేను. అన్నీ ఒకే వారంలో మార్చాం, విడదీయడానికి వీల్లేదు.

కానీ ఒక విషయంలో నాకు సందేహం లేదు. తొమ్మిదో రోజున నాకు వచ్చిన ప్రశ్నకు జవాబు వెతికే ముందు, పంపు రికార్డు చూడాల్సింది. ఇప్పుడు మా దగ్గర ఏ సప్లిమెంట్ అడిగినా నేను ముందు గత మూడు రోజుల్లో అందిన క్యాలరీలు, ప్రొటీన్ రాయమంటాను. ఆర్డర్ చేసినది కాదు, అందినది. సగం సందర్భాల్లో సంభాషణ అక్కడే దారి మారిపోతుంది. మరో మార్పు: విటమిన్ సి పెద్ద మోతాదులో ఎవరికి మొదలుపెట్టినా మంచం తలవైపు ఒక కాగితం అంటిస్తాం, గ్లూకోమీటర్ నమ్మొద్దని. ఆ కాగితం రాసింది ఆ రాత్రి ఫోన్ చేసిన సిస్టరే.

తమ్ముడితో నేను కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. చేపనూనె ఆపేశామంటే అతని మొహం పాలిపోయింది. "అంటే నేను తెచ్చిందే చెడు చేసిందా మేడం?" అన్నాడు. లేదు నాన్నా, దాన్ని గొట్టంలో వేయమన్న సంతకం నాది అన్నాను. నీ పని ఇంకా ఉంది అని చెప్పి, అన్న నోటితో తినడం మొదలుపెట్టాక తిన్నది తిన్నట్టు రాసే పుస్తకం అతని చేతికిచ్చాను. పెట్టింది కాదు, కంచంలో మిగిలింది తీసేసి రాయమన్నాను. నర్సుల చార్ట్ కన్నా ఆ పుస్తకమే కచ్చితంగా ఉండేది. సగం గ్లాసు పాలు మిగిలితే అదీ రాసేవాడు. గొట్టం ఎప్పుడు తీయాలన్న నిర్ణయం ఆ పుస్తకం చూసే తీసుకున్నాం: వరసగా మూడు రోజులు లక్ష్యంలో మూడొంతులకు పైగా నోటితో తిన్నాక, ముప్పై ఎనిమిదో రోజున.

యాభై మూడో రోజున 54 కిలోల బరువుతో ఇంటికి వెళ్లాడు. ఆరు నెలలకు వచ్చినప్పుడు 59. పల్స్ విశ్రాంతిలో ఇంకా 92, అంటే శరీరం ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ప్రొటీన్ కిలోకి ఒకటిన్నర గ్రాముల చొప్పున కొనసాగించమన్నాను, రోజూ చేసే వ్యాయామాలకు బరువులు జోడించమని ఫిజియోథెరపిస్ట్ రాశారు. తమ్ముడు ఆ పుస్తకం పట్టుకొచ్చాడు. రెండోది మొదలుపెట్టాడు.